తువ్వాల కింద ధర

పగలు బాదేపల్లి యార్డుల
ఆడ్తి దుకాణం గుమాస్తను.
పల్లికాయ కుప్పల నడుమ తక్‌పట్టీలు రాస్త,
తరుగు కోసి, హమాలి కోసి, కమీషన్ కోసి
మిగిలింది రైతు చేతిల పెడత.
రాత్రి పదకొండు దాటినంక
గోడకు చార్జర్ గుచ్చి
నీలికోన రేవుకు పోత.

అక్కడ నాకో గాడిద ఉంది, గిడ్డంగి ఉంది,
పేరు కూడ వేరే: కందనూలు సేటు.
ఇంతవరకు కత్తి పట్టలే.
రాక్షసుల్ని చంపేటోళ్లు చంపుకోనీ,
వాళ్ల కత్తులు మొద్దువారిన పూట
సానరాయి ఎవని దగ్గరుందన్నదే నా ఆట.

ఆ అంగట్ల ధర దాచేది లేదు.
అమ్మేటోడు చెప్పింది, కొనేటోడు అడిగింది
ఒకే పలక మీద వెలుగుతుంటయి.
రెంటి నడుమ సందుల నా బతుకుదెరువు.
తొంభైకి అడుగుత, నూటపదికి పెడత, కూసుంట.
తొందరున్నోడు కట్టే పన్నుకే
లాభమని పేరు.

గుడ్డికొంగ అని ఒకడుండె,
నాకంటే పైస తక్కువకు పెట్టి ముంగట నిలబడేటోడు.
నేనో పైస దిగితే వాడో పైస.
తెల్లారేసరికి ఇద్దరం కలిసి
ఇనుప రాయిని మట్టి చేసినం.

మా సేటు పాండురంగం చెప్తుంటడు,
వాళ్ల నాయిన కాలంల
తువ్వాల కింద చెయ్యి చెయ్యి కలిపి
వేళ్లు నొక్కి ధర తేల్చేటోళ్లట.
పక్కనే కూసున్న రైతుకు
తువ్వాల కదలడమొక్కటే కనపడేది.

మొన్న రెండు దండులకు లడాయి కుదిరిందని
ఒక రోజు ముందే నా చెవిన పడ్డది.
వెన్నెల వేరు లేనిది గాయం మందు కాగదు.
రేవుల ఉన్న వేరంతా ఊడ్చి కొన్న,
ఇరవైకి, ఇరవై రెండుకు, ఆఖరికి ముప్పైకి.
తలుపేసి పండుకున్న.
లేచేసరికి రెండొందలు.
ఎవన్నీ కొట్టలే. ఎవని జేబూ కొయ్యలే.

అప్పుడొచ్చింది చిన్నపిట్ట మెసేజ్:
అన్నా, నేను మందు కాగబెట్టి అమ్ముకునేదాన్ని,
నిన్న ఇరవైకి దొరికిన వేరు
ఇయ్యాల గింతెందుకైంది?
నా సంచిల నూటనలభై ఉన్నయి, గంతే.

'గింత' దగ్గర నా వేలు ఆగింది.
కోస్గిలనో, మద్దూరులనో, ఊట్కూరులనో
దుప్పటి కింద అమ్మ ఫోన్ దాచుకోని
ఆడుతున్న పిల్లేమో.

నూరు వేర్లు ఇరవైకే పలక మీద పెట్టిన,
ఆ పిల్ల కోసం.
రెప్ప కొట్టేలోపల
మొత్తం ఎత్తుకపోయిండు గుడ్డికొంగ.
అవే వేర్లు, అదే పలక, నూటతొంభై తొమ్మిది.

పలకకు మొఖాలు తెల్వవు.
దయ కూడ దానికి
ఒక తక్కువ ధరే.

చిన్నపిట్టను రేవు ఎనుక ఇసుకలకు రమ్మన్న.
పలక లేని చోట
ఇద్దరం సంచులు ఎదురెదురు తెరిచినం.
ఏడు వేర్లు ఇచ్చిన, నూటనలభై తీసుకున్న,
లెక్క లెక్కే.
ఎవ్వరికీ కనపడలే.
పాండురంగం తండ్రి తువ్వాల యాదికొచ్చింది.

మిగతా వేర్లంటరా?
రెండొందలకే అమ్మిన.
దాంతోని రెండో గిడ్డంగి కొన్న.

పొద్దున యార్డుల
చాట కూలి పెంటమ్మ రాలిన కాయ ఊడ్చుకుంటున్నది.
నవాబుపేట రైతు కుప్ప మీద చెయ్యేసి
చీటీల ధర చూసి
గింతెందుకు తక్కువ సారూ అన్నడు.
పై మార్కెట్ల అట్లున్నది, అన్న.
ఎప్పుడూ అనేదే.
అన్నంక, ఆ పైన
ఎవడు ఏ తలుపేసి పండుకున్నడో అని
నాకే అడగబుద్ధైంది.
ఎవర్ని అడగాలె?

తరుగు గడిల రెండు కిలోలు రాయాలె.
రాసిన.
పెన్ను కొంచెం ఆలస్యంగ లేచింది.
ఆయన తువ్వాల దులిపి
భుజాన ఏసుకున్నడు.